రామయ్య తీర్చిన బాకీ

శ్రీరామనవమి నాడు భద్రాచలంలో సీతారాముల కల్యాణం కన్నులారా తిలకించిన వారికి ఒక ఆచారం తెలిసే ఉంటుంది. పాలకుల పక్షాన స్వామివారికి పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పిస్తారు. గోల్కొండ నవాబు తానీషా కాలంలో మొదలైందని పెద్దలు చెప్పే ఈ ఆనవాయితీ నిజాముల ఏలుబడిలోనూ సాగింది. ప్రజాప్రభుత్వాలు వచ్చిన తరువాతా ఆగలేదు. అన్యమతస్థుడైన ఒక ప్రభువు రామయ్య పెండ్లికి తలంబ్రాలు పంపడమేమిటని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. దాని వెనుక ఒక బాకీ కథ ఉంది. ఆ బాకీ పడినవాడు భక్త రామదాసు. తీర్చినవాడు శ్రీరామచంద్రుడు.

ఈ కథ హరికథల్లోనో, బామ్మల నోటనో మీరు ఎన్నోసార్లు వినే ఉంటారు. అయితే అందులో ఒక ప్రశ్న ఉంది. సర్కారు సొమ్ముతో గుడి కట్టించిన రామదాసు తప్పు చేసినట్టా, చేయనట్టా? మహాభక్తుడు కదా అని మనం ఆ ప్రశ్నను దాటవేస్తాం. కానీ పరుల సొమ్ముతో ఏదో ఒక రూపంలో వ్యవహరించే మనందరికీ దాని సమాధానం అవసరం.

నేలకొండపల్లి గోపన్న

రామదాసు అసలు పేరు కంచెర్ల గోపన్న. పదిహేడవ శతాబ్దంలో నేటి ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో జన్మించాడు. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. రఘునాథ భట్టాచార్యుల వద్ద మంత్రోపదేశం పొందాడని, కబీరుదాసు దర్శనంతో తారకమంత్ర దీక్ష లభించిందని భక్తచరిత్రలు చెబుతాయి. ఆయన ఇంట నిత్యం అన్నసంతర్పణ జరిగేదట. ఒకనాడు ఆ సంతర్పణ సందడిలో పసిబిడ్డ కాగుతున్న గంజిగుంటలో పడి ప్రాణాలు విడిచాడని, గోపన్న మొర ఆలకించిన రాముడు ఆ బిడ్డను బ్రతికించాడని ఐతిహ్యం.

1672లో గోల్కొండ సింహాసనమెక్కిన అబుల్ హసన్ కుతుబ్ షానే మనం తానీషా అని పిలుచుకుంటున్నాం. ఆయన కొలువులో మాదన్న ప్రధానమంత్రి. మాదన్న సోదరుడు అక్కన్న కూడా ఉన్నత పదవిలో ఉన్నవాడే. వీరు గోపన్నకు మేనమామలని సంప్రదాయ కథనం. వారి ప్రాపుతో గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయ్యాడు. శిస్తు వసూలు చేసి ఖజానాకు జమకట్టడం ఆయన విధి.

తాటాకు పందిరి నుంచి ఆలయానికి

ఆ పరగణాలోనే గోదావరి ఒడ్డున భద్రగిరి ఉంది. అక్కడ పోకల దమ్మక్క అనే భక్తురాలికి స్వప్నంలో స్వామి కనిపించి, పుట్టలో ఉన్న తన విగ్రహాల జాడ చెప్పాడట. ఆమె పుట్టను కరిగించి, సీతాలక్ష్మణ సమేతుడైన రామునికి తాటాకుల పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టి కొలిచింది. శంఖచక్రాలు, ధనుర్బాణాలు ధరించిన చతుర్భుజ రాముడు అక్కడి స్వామి. భద్ర మహర్షి తపస్సుకు మెచ్చి వైకుంఠం నుంచి దిగివచ్చిన రూపమది.

ఎండకు ఎండి, వానకు తడుస్తున్న స్వామిని చూసి గోపన్న తల్లడిల్లాడు. ఊరూరా తిరిగి చందాలు అడిగాడు. సేకరించినది చాలలేదు. చేతిలో శిస్తు సొమ్ము ఉంది. ఇప్పుడు దానిని వాడండి, పంటలు చేతికి రాగానే మేము ఇచ్చుకుంటామని గ్రామస్థులు మాట ఇచ్చారని ఒక కథనం. గోపన్న గుడి కట్టించాడు. ప్రాకారాలు, మండపాలు లేచాయి. స్వామికి కలికితురాయి, సీతమ్మకు చింతాకు పతకం, లక్ష్మణునికి ముత్యాల పతకం, భరతునికి పచ్చల పతకం, శత్రుఘ్నునికి బంగారు మొలతాడు చేయించాడు. ఖర్చు ఆరు లక్షల వరహాలకు చేరిందని చెబుతారు. నవాబు అనుమతి మాత్రం రాలేదు.

గోల్కొండ చెరసాల

ఇక్కడ మనం తానీషా స్థానంలో నిలబడి ఒక్క క్షణం ఆలోచించాలి. అది రైతు చెమటోడ్చి కట్టిన శిస్తు. రాజ్యరక్షణకు, ప్రజల అవసరాలకు చెందవలసిన ధనం. దానిని ఒక అధికారి తన ఇష్టప్రకారం ఖర్చు చేస్తే ఏ ప్రభువైనా ఊరకుంటాడా? కారణం ఎంత పవిత్రమైనదైనా లెక్కలో లోటు లోటే. గోపన్నను గోల్కొండ కోటలో ఖైదు చేశారు. మేనమామలు మంత్రులై ఉండి కూడా ఆ శిక్ష తప్పలేదు.

పన్నెండేళ్లు చెరలో మగ్గాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన ఉన్నదని చెప్పే బందీఖానా గోల్కొండలో నేటికీ చూడవచ్చు. గోడమీద మలచిన సీతారామ లక్ష్మణ, ఆంజనేయుల రూపాలు రామదాసు స్వహస్తాలతో చెక్కినవని భక్తుల విశ్వాసం.

ఆ చీకటికొట్టులో పుట్టిన కీర్తనలను శ్రద్ధగా వినండి. భక్తి, ఆర్తి ఎంత ఉన్నాయో, లెక్క కూడా అంతే ఉంది. ఏ నగ చేయించాడో, దానికి ఎన్ని వరహాలు పట్టిందో స్వామికి ఒక్కొక్కటిగా అప్పజెప్పాడు. సొమ్ము తిన్నవాడు అలా లెక్క చెప్పగలడా? బాధ భరించలేక, నా సొమ్ముతో కులుకుతున్నావా అన్నంత దూరం వెళ్లి రాముణ్ణి నిందించాడు. మరుక్షణమే, దెబ్బలకు తాళలేక నోరుజారానని క్షమాపణ వేడుకున్నాడు. ఒక్క వరహా అయినా తాను దాచుకున్నానేమో అన్న సందేహం మాత్రం ఆ పాటల్లో ఎక్కడా కనిపించదు.

రసీదు పుచ్చుకున్న దేవుడు

ఇక కథలోని ముఖ్యఘట్టం. ఒకనాటి రాత్రి ఇద్దరు యువకులు తానీషా శయనమందిరంలో ప్రత్యక్షమయ్యారు. తాము గోపన్న సేవకులమని, పేర్లు రామోజీ, లక్ష్మోజీ అని చెప్పారు. ఆరు లక్షల సొమ్మూ రాశిగా పోశారు. లెక్క సరిచూసుకొమ్మన్నారు. రసీదు అడిగి తీసుకున్నారు. ఆ రసీదును నిద్రిస్తున్న గోపన్న చెంత ఉంచి అంతర్ధానమయ్యారు. తెల్లవారి విషయం గ్రహించిన తానీషా, జీవితమంతా కొలిచిన భక్తునికి దక్కని దర్శనం తనకు దక్కిందని పరవశించి గోపన్నను విడుదల చేశాడు. ఆ ధనం తిరిగి ఇవ్వబోతే రామదాసు స్వీకరించలేదు. స్వామి గుర్తుగా రెండు మాడలు మాత్రం పుచ్చుకున్నాడు. రామమాడలుగా ప్రసిద్ధమైన ఆ నాణేలను భద్రాచల ఆలయంలో భక్తులకు చూపుతారు.

ఇప్పుడు చెప్పండి. సేతువు కట్టి సముద్రాన్ని దాటినవానికి కారాగారం తలుపులు తెరవడం ఎంత పని? ప్రహ్లాదుని కోసం స్తంభాన్ని చీల్చుకు వచ్చిన స్వామికి కోటగోడ ఒక అడ్డా? నవాబు మనస్సు మార్చి బాకీ రద్దు చేయించవచ్చు. లెక్కల పుస్తకాలనే మాయం చేయవచ్చు. స్వామి అవేవీ చేయలేదు. నిండు సొమ్ము చెల్లించి, రసీదు వ్రాయించుకుని, ఆ తరువాతనే భక్తుణ్ణి చెర విడిపించాడు. తన ఆలయం కోసమే అయినా, పరుల ధనం పరులకు చేరవలసిందేనని ఆచరించి చూపాడు.

మరి పన్నెండేళ్ల ఆలస్యమెందుకు? దీనికీ పెద్దలు ఒక కథ చెబుతారు. పూర్వజన్మలో గోపన్న ఒక చిలుకను పన్నెండు రోజులు పంజరంలో బంధించాడట. ఆ ఫలితమే ఈ చెర. కర్మ లెక్కలోనూ మినహాయింపు లేదన్నమాట.

మనకు మిగిలిన పాఠం

కాబట్టి మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పుకోవచ్చు. అనుమతి లేకుండా ఖజానా సొమ్ము ముట్టడం దోషమే. ఆ దోషానికి రామదాసు శిక్ష అనుభవించాడు. అయితే ఆయన వంచకుడు కాడు. కట్టిన గుడి కొండమీద అందరికీ కనబడుతూనే ఉంది. చేయించిన నగలు స్వామి మేనిమీద ఉన్నాయి. తన ఇంటికి చేరినది ఏమీ లేదు. దాచిపెట్టడం, స్వార్థం ఈ రెండూ ఉన్నచోటే మోసం ఉంటుంది.

మన సంగతి చూసుకుందాం. తూకంలో తగ్గించి, సరుకులో కల్తీ కలిపి, ఆ లాభంలో కొంత హుండీలో వేస్తే పాపం పోతుందనుకునే వారున్నారు. చిట్టీల పేరిట పొరుగువారి పొదుపు సొమ్ము ఎగవేసి తిరుమలకు కాలినడకన వెళ్లేవారూ ఉన్నారు. నవరాత్రి పందిరి చందాలకు లెక్క అడిగితే దేవుడి సొమ్ముకు లెక్కేమిటని కసురుకునే పెద్దమనుషులను మీరు చూసే ఉంటారు. దేవుని పని కోసం నిష్కల్మషంగా వాడిన సొమ్ముకే రాముడు బాకీ తీర్చవలసి వచ్చినప్పుడు, మన కోసం కాజేసిన సొమ్ముకు హుండీలో వేసే నోటు ఎలా చెల్లుబడి అవుతుంది? శుచులన్నింటిలోనూ ధనం విషయంలోని శుచియే శ్రేష్ఠమని మనుస్మృతి చెబుతున్నది. ఎన్ని నదులలో మునిగినా అది లేనివాడు శుచి కాలేడు.

మన వల్ల ఎవరికైనా రావలసిన బాకీ ఉంటే ముందుగా వారికి తిరిగి ఇవ్వడమే ప్రాయశ్చిత్తం. పూజ ఆ తరువాతి మాట. పూర్తిగా ఇవ్వలేని స్థితి ఉంటే, కనీసం రామదాసు వలె దాపరికం లేకుండా లెక్క ఒప్పుకుందాం.

1687లో గోల్కొండ మొగలుల వశమైంది. తానీషా దౌలతాబాదు కోటలో బందీగానే కన్నుమూశాడు. రాజ్యం పోయింది, ఖజానా పోయింది. రామదాసు కట్టించిన గుడి మాత్రం గోదావరి గట్టున నిలిచే ఉంది. ఈసారి భద్రాద్రి వెళ్లినప్పుడు స్వామి నగలతో పాటు ఆ మాడలను కూడా దర్శించండి. తలవంచి నమస్కరించేటప్పుడు, మనం ఇంకా ఎవరికైనా బాకీ ఉన్నామేమో ఒక్కసారి తలచుకోండి.