పిల్లి చెప్పిన పాఠం: డాక్టరు ఫిన్సెన్ జీవితం

పోయిన ఆటల పోటీల్లో కబడ్డీ ఆడుతుంటే నా మోకాలు బెణికింది గదా. పెద్దాసుపత్రిలో వాపు మీద సన్నని ఎర్ర లైటు పెట్టారు. వేడి లేదు, నొప్పి లేదు. టార్చిలైటు లాంటి దానితో ఏం తగ్గుతుందిలే అనుకున్నాను. అది తక్కువ శక్తి లేజర్ అనీ, వెలుగుతో వైద్యానికి ఈ కాలంలో దారి వేసినవాడు ఫిన్సెన్ అనీ అక్కడి ఫిజియోథెరపీ మేడం చెప్పింది. ఆయన గురించి వెతికి చదివాను. మీకూ చెప్పాలనిపించింది.

నీల్స్ ఫిన్సెన్ 1860 డిసెంబరు 15న ఫారో దీవుల్లోని తోర్షావ్న్ ఊళ్ళో పుట్టాడు. డెన్మార్కు ఏలుబడిలోని చిన్న దీవులవి. చలి ఎక్కువ, ఎండ తక్కువ. నాలుగేళ్ళకే తల్లి పోయింది. తర్వాత డెన్మార్కులో మనలాగే హాస్టలు బడిలో వేశారు. మంచి మనసు ఉంది గాని తెలివీ, చురుకూ తక్కువేనని ఆ బడి హెడ్మాస్టరు రాసి పంపించాడట! అక్కడి నుంచి ఐస్‌లాండు బడికి మార్చారు. 1882లో 21 ఏళ్ళ వయసులో చివరి పరీక్ష పాసైతే 15 మందిలో 11వ వాడు. (ఈ ముక్క మన బ్యాచ్‌లో కొందరికి బాగా నచ్చుతుంది, పేర్లు రాయను.)

కోపెన్‌హాగెన్‌లో డాక్టరీ చదువుతుండగానే ఆయనకు జబ్బు మొదలైంది. గుండె చుట్టూ ఉండే పొర గట్టిపడే జబ్బు అది. కడుపులో నీరు చేరేది, ఎప్పుడూ నీరసం. ఉండే ఇల్లు ఉత్తరం వైపుకి, గదిలోకి ఎండ రాదు. ఎండలో తిరిగిన రోజు ఒంట్లో బాగుండేది. ఒకసారి పెంకుల మీద పిల్లి ఎండ కాగుతూ కనపడింది. నీడ పడేసరికి లేచి మళ్ళీ ఎండలోకి జరిగింది. పిల్లులు రోజూ చేసే పనే, మనమూ చూస్తాం. కానీ ఆయన అక్కడితో వదల్లేదు.

1893లో మశూచి రోగులను ఎర్ర వెలుగు గదిలో ఉంచితే మచ్చలు తగ్గుతాయని రాశాడు. అది తర్వాత నిలబడలేదు. అసలు పేరు వచ్చింది చర్మ క్షయతో. ముక్కూ పెదవులూ తినేసే జబ్బు అది, మొహం చూపించుకోలేక జనం ఇంట్లో దాక్కునేవారు. 1895లో కరెంటు ఫ్యాక్టరీలో ఆర్క్ దీపం పెట్టి, మొహానికి ఈ జబ్బు ఉన్న ఒక ఇంజనీరుకు వైద్యం చేసి నయం చేశాడు. రక్తం వెలుగును అడ్డుకుంటుందని కనిపెట్టి, లోపల చల్లటి నీళ్ళు పారే బిళ్ళ అద్దాన్ని నర్సు చేత చర్మం మీద నొక్కి పట్టించేవాడు. 1896లో ఆయన పేరుతోనే వైద్యసంస్థ పెట్టారు. 1901 నాటికి అక్కడ సుమారు 800 మంది చర్మ క్షయ రోగులకు వైద్యం జరిగింది, ఎక్కువ మందికి నయమైంది.

నా మోకాలి లైటు మాత్రం వేరే. ఫిన్సెన్ వెలుగు క్రిములను చంపేది. లేజర్ పుట్టిందే 1960లో. 1967లో బుడాపెస్టులో ఎండ్రే మెస్టర్ అనే డాక్టరు, బొచ్చు గొరిగిన ఎలుకల మీద తక్కువ లేజర్ వేస్తే అక్కడ బొచ్చు తొందరగా మొలిచింది. తర్వాత మానని పుండ్ల మీద చూశాడు. జీవకణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా ఎర్ర వెలుగును పీల్చుకుని బాగుచేసే పని పెంచుతుందని అంటారు. మోతాదు మించితే ఉపయోగం ఉండదు, అన్ని దెబ్బలకూ పనిచేయదు. మేడం నా చేత రోజూ వ్యాయామం కూడా చేయించింది. కాబట్టి ఎవరూ టార్చిలైటు పెట్టుకుని కూర్చోకండి!

ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి చక్రాల కుర్చీలో ఉన్నాడు, స్టాక్‌హోం వెళ్ళి తీసుకోలేకపోయాడు. ఆ డబ్బులో పెద్ద భాగం రోగుల కోసమే ఇచ్చేశాడు. ఎందరి మొహాలనో బాగుచేసిన వెలుగు ఆయన గుండెను బాగుచేయలేదు. అది చదివినప్పుడు నాకు బాధేసింది. ఆయన మాత్రం తిన్నదీ తాగిందీ రోజూ తూచి రాసుకుని, ఒంట్లో ఉప్పు ఎలా చేరుతుందో తన మీదనే పరిశీలించి 1904లో వ్యాసం రాశాడు. ఆ ఏడాదే సెప్టెంబరు 24న చనిపోయాడు. వయసు 43.