దోర్నకల్ కాపరి బిషప్ అజరయ్యగారు

తండ్రి ఆస్తి, పుట్టిన కులము, ఒంటి రంగు బిడ్డ భవిష్యత్తును నిర్ణయించు కాలములో బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు జీవించిరి.

వారు 1874లో తిరునెల్వేలి ప్రాంతమున ఒక పల్లె పాదిరిగారి యింట జన్మించిరి. చిన్నతనముననే తండ్రిని కోల్పోయిరి. ఆస్తి లేకున్నను తల్లి భక్తి, మిషను చదువు వారిని నిలబెట్టెను. 1909లో మిషనరీగా దోర్నకల్ వచ్చిరి. 1910 ఎడిన్‌బరో మహాసభలో, తెల్ల మిషనరీలు భారతీయ సేవకులను సమానులైన స్నేహితులుగా ఎంచవలెనని నిర్భయముగా పలికిరి. అనేకులకది మింగుడుపడలేదు. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు మొట్టమొదటి భారతీయ బిషపుగా అభిషేకము పొందిరి.

వారి మందలో అత్యధికులు మాల, మాదిగ కూలీలు. అప్పు తీరక బిడ్డను పశువుల కాపరిగా పంపు ఇంటికి బడి ఎంత దూరము! అజరయ్యగారు పల్లెబడులు, బోర్డింగులు నడిపి ఆ బిడ్డలనే ఉపాధ్యాయులుగా, పాస్టర్లుగా నిలిపిరి. పేదలును ఇచ్చువారేయని పిడికెడు బియ్యపు కానుక నేర్పిరి. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి.

మంచిర్యాలలో మేము గని కార్మికుల, కూలీల ఇండ్లు దర్శించునప్పుడు, చదువు దొరికిన యింట పిల్లలు ఉద్యోగమునకు, దొరకని యింట కొడుకు తండ్రి వెంట కూలికి పోవుట చూచుచున్నాము. బోర్డింగు అన్నము తిని పైకివచ్చిన మన కుటుంబములు, ప్రక్కవాడ బిడ్డ బడి ఫీజునకు ఏమి చేయుచున్నవి? దీనికి చేతలతో జవాబిచ్చుటయే అజరయ్యగారికి మనము చూపు గౌరవము.