శ్రీనివాస రామానుజన్: వర్గ సంఖ్యల అన్వేషకుడు

మహనీయుల జీవితాలను పిల్లలకు చెప్పేటప్పుడు విజయాలను వర్ణించి, పరాజయాలను దాటవేయడం మనకు అలవాటు. గణిత శాస్త్రవేత్త శ్రీనివాస రామానుజన్ జీవితాన్ని ఆ విధంగా చెప్పడం సాధ్యం కాదు. పరీక్షలలో ఓడిన ఆ విద్యార్థి వేసిన ప్రశ్నలే పండితులను దశాబ్దాల పాటు శ్రమింపజేశాయి. మన పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంలో ఆయనను స్మరించుకోవడానికి మరొక కారణం కూడా ఉన్నది.

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో మాతామహుల ఇంట జన్మించారు. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ కుంభకోణంలో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్. మాతామహుడు కాంచీపురం న్యాయస్థానంలో ఉద్యోగిగా ఉన్న రోజులలో, 1894లో, బాలుడైన రామానుజన్ కొంతకాలం తెలుగు మాధ్యమ పాఠశాలలో చదివారు. ఆనాడు కాంచీపురమూ మన తిరువళ్లూరూ ఒకే చెంగల్పట్టు జిల్లాలోనివి. ఆయన మాతృభాష తమిళం. ఆయన ప్రతిభకు ఆ కొద్దికాలపు చదువే కారణమని చెప్పుకోవడం న్యాయం కాదు. అయినప్పటికీ అంతటి మేధావి మన వంటి ఒక బడిలో పలక పట్టి కూర్చున్నారన్న సంగతి తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల తెలుగు బిడ్డలకు సంతోషం కలిగించేదే.

1897లో ప్రాథమిక పరీక్షలో ఆయన తంజావూరు జిల్లాలో ప్రథమ స్థానం పొందారు. 1903లో కార్ అనే ఆంగ్లేయుడు కూర్చిన గణిత సూత్రాల గ్రంథం చేతికి అందినది మొదలు ఆయనకు గణితం తప్ప మరొకటి పట్టలేదు. 1904లో కుంభకోణం కళాశాలలో లభించిన ఉపకారవేతనం, ఇతర విషయాలను అశ్రద్ధ చేసినందువల్ల పోయింది. 1905లో ఇంట చెప్పకుండా విశాఖపట్నం వెళ్లిపోయారు. తరువాత మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరి, ఎఫ్.ఏ. పరీక్షలో 1906లోనూ 1907లోనూ తప్పారు. 1909లో జానకితో వివాహం జరిగింది. చేతిలో పట్టా లేదు. ఉన్నవి సూత్రాలతో నిండిన నోటు పుస్తకాలు మాత్రమే. 1910లో నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు ఆ పుస్తకాలను చూసి, నెలకు 25 రూపాయలు ఇచ్చి ఆదుకున్నారు. 1912 మార్చిలో మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల జీతంతో గుమాస్తా కొలువు దొరికింది.

ఆ కాలంలో ఆయన భారతీయ గణిత సంఘం పత్రికకు ప్రశ్నలు పంపుతూ ఉండేవారు. 1913లో వెలువడిన ఒక ప్రశ్న హైస్కూలు విద్యార్థికి సైతం అర్థమవుతుంది. 2ను కొన్ని పర్యాయాలు దానితోనే గుణించి, వచ్చిన దాని నుండి 7 తీసివేస్తే, ఎప్పుడు సంపూర్ణ వర్గం వస్తుంది? మూడు రెండ్లను గుణిస్తే 8. 7 తీసివేస్తే 1, అది ఒకటి వర్గం. నాలుగు రెండ్లతో 9, ఐదింటితో 25, ఏడింటితో 121, పదిహేనింటితో 32,761 వస్తాయి. ఇవి వరుసగా 3, 5, 11, 181ల వర్గాలు. ఈ ఐదింటిని చెప్పి, మిగిలినవి కనుగొనండని రామానుజన్ పాఠకులను కోరారు. 35 సంవత్సరాల తరువాత, 1948లో, నార్వే దేశీయుడు నాగెల్ ఆ ఐదు తప్ప ఆరవది లేదని నిరూపించారు.

అదే సంవత్సరం ఆయన మరొక ప్రశ్న వేశారు. 1 మొదలు ఒక సంఖ్య వరకు అన్నింటినీ గుణించి 1 కలిపితే వర్గం ఎప్పుడు వస్తుంది? 4 వరకు గుణిస్తే 24, ఒకటి కలిపితే 25. 5 వరకు అయితే 121. 7 వరకు అయితే 5,041, అంటే 71 వర్గం. ఫ్రాన్సు దేశీయుడు బ్రోకార్ 1876లోనే ఈ ప్రశ్న వేసి ఉన్నారు. 2000లో కంప్యూటరుతో నూరు కోట్ల వరకు వెదికినా నాలుగవది దొరకలేదు. లేదని నిరూపించినవారూ ఇంతవరకు లేరు.

1913 జనవరిలో రామానుజన్ కేంబ్రిడ్జిలోని హార్డీకి తన సూత్రాలతో లేఖ వ్రాశారు. ఆ లేఖ ఫలితంగా 1914 మార్చిలో ఓడనెక్కారు. ఆ సంవత్సరం డిసెంబరులో మిత్రుడు మహలనోబిస్ ఒక పత్రికలోని చిక్కు లెక్క చదివి వినిపించారు. 1 నుండి వరుస సంఖ్యలు గల ఇళ్లున్న వీథిలో, ఒక ఇంటికి ఎడమవైపు సంఖ్యల మొత్తం కుడివైపు మొత్తంతో సమానం. ఇళ్లు 50కి మించి, 500 లోపు. వంట చేస్తూనే రామానుజన్, ఈ ఒక్క లెక్కకే కాక ఇటువంటి వీథులన్నింటికీ సమాధానమిచ్చే భిన్నమాలను చెప్పారు. అడిగిన ఇల్లు 288 ఇళ్లలో 204వది. ఇంటి సంఖ్య వర్గాన్ని 8తో గుణించి 1 కలిపితే సంపూర్ణ వర్గం రావలెననడమే ఇందులోని కీలకం. 628లో బ్రహ్మగుప్తుడు వర్గప్రకృతి అనే పేరుతో విచారించిన సమీకరణాల కోవలోనిదే ఇది. 8 ఇళ్ల వీథిలో ఆరవ ఇల్లు కూడా సమాధానమే. 1 నుండి 5 వరకు కూడినా, 7, 8 కూడినా 15 వస్తుంది. ఇటువంటి ఇళ్లకు అంతు లేదు.

మూడు ప్రశ్నలూ చూడడానికి ఒకే తీరున ఉంటాయి. ఒకదానికి సమాధానాలు అనంతం, మరొకదానికి ఐదు మాత్రమే, ఇంకొకదాని సంగతి నేటికీ తేలలేదు. పైచూపుతో వీటి లోతును కనుగొనలేము.

1918లో రామానుజన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. అనారోగ్యంతో 1919లో స్వదేశానికి తిరిగివచ్చి, 1920 ఏప్రిల్ 26న మద్రాసులో 32 సంవత్సరాల వయసులో పరమపదించారు. ఆయన జన్మదినాన్ని 2012 నుండి జాతీయ గణిత దినోత్సవంగా జరుపుకొంటున్నాము.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. మార్కుల జాబితా అవసరమే గాని, అది బిడ్డ పూర్తి కథ కాదు. ఉపాధ్యాయ మిత్రులారా, తరగతిలో ఎవరైనా మన పుస్తకంలో లేని ప్రశ్న అడిగితే, ఆనాటి నెల్లూరు కలెక్టరు వలె ఒక్క క్షణం ఆగి వారి నోటు పుస్తకాన్ని చూద్దాము. దేశదేశాలలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు అటువంటి పిల్లలకు చేయూతనిస్తే ఈ ఉత్సవం సార్థకమవుతుంది. చదువులతల్లి మన బిడ్డలందరినీ చల్లగా చూచుగాక!