సవర గూడేల్లో గిడుగు సొంత ఖర్చుతో బడులు

శ్రీకాకుళం: సీతంపేట మన్యంలోని సవర గూడేలకు సేవా శిబిరాలకై వెళ్లే విశ్వవిద్యాలయ విద్యార్థులు ముందుగా తెలుసుకోవలసిన పేరు గిడుగు వెంకట రామమూర్తి. 1863 ఆగస్టు 29న వంశధార తీరాన పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన ఆయన సవర తెలిసిన వ్యక్తిని ఇంట ఉంచుకొని ఆ భాషను అభ్యసించారు. వాచకాలు రచించారు. సొంత ఖర్చుతో బడులు పెట్టి, జీతాలు చెల్లించారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, ఆ సొమ్ముతో సవరలకు వారి భాషలోనే చదువు చెప్పించాలని కోరారు. కాలినడకన అడవులు తిరగడంతో మలేరియా సోకింది. క్వినైన్ వాడకం వల్ల జీవితాంతం చెవుడు మిగిలింది. చెవితో విని భాష నేర్చినవారికి ఇంతకు మించిన నష్టమేమున్నది! అయినను 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువరించారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరడంతో రాజమహేంద్రవరం తరలివెళ్లిన ఆయన 1940 జనవరి 22న కన్నుమూశారు.