ఆచార్య ప్రఫుల్ల చంద్ర రే - మందుల సీసా వెనుక కథ

ఆల్కహాల్‌ల, ఈథర్‌ల ధర్మాలను మీరు ఇంతకుముందు చదివారు. ఇప్పుడు మీ ఇంట్లోని మందుల పెట్టె తెరిచి చూడండి. టింక్చర్ అయోడిన్ సీసా ఉంటే, అందులో అయోడిన్‌ను కరిగించి ఉంచినది ఇథైల్ ఆల్కహాల్. సూది వేసే ముందు చర్మాన్ని తుడిచే స్పిరిట్ కూడా ఆల్కహాలే. పందొమ్మిదో శతాబ్దం చివరలో ఇలాంటి మందులు మనకు ఎక్కువగా ఓడల మీద ఇంగ్లండు నుంచి వచ్చేవి. వాటిని ఇక్కడే తయారు చేయాలని పూనుకున్న ఒక అధ్యాపకుని గురించి తెలుసుకుందాం.

ప్రఫుల్ల చంద్ర రే 1861 ఆగస్టు 2న రారూలి గ్రామంలో జన్మించారు. ఆ ఊరు నేడు బంగ్లాదేశ్‌లోని ఖుల్నా జిల్లాలో ఉంది. చిన్నతనంలో తీవ్రమైన జిగట విరేచనాల వల్ల ఆయన బడి మానవలసి వచ్చింది. ఆ కాలమంతా తండ్రి గ్రంథాలయంలోని పుస్తకాలు చదివారు. మీలాగే ఆయన కూడా కొంతకాలం బడి బయటే చదువుకున్నారన్నమాట. 1882లో ఉపకార వేతనంతో ఎడింబరో వెళ్లి, 1887లో డి.ఎస్‌సి. పట్టం పొందారు. 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల జీతంపై చేరారు. అదే చదువు గల ఆంగ్లేయులకు పై హోదా, ఎక్కువ జీతం దక్కేవి.

ఆయనను మరో విషయం ఎక్కువగా బాధించింది. వాము, నేలవేము, అడ్డసరం మన నేలలోనే పెరుగుతాయి. కాని వైద్యులు రాసే మందు సీసాలు విదేశాలవి. రసాయన శాస్త్రం చదివిన యువకులకు గుమాస్తా పని తప్ప వేరే దారి లేదు. అందుకే 1892లో, సుమారు 700 రూపాయల పెట్టుబడితో, తాను అద్దెకున్న ఇంట్లోనే బెంగాల్ కెమికల్ వర్క్స్‌ను ప్రారంభించారు.

మందుల తయారీలో ఆల్కహాల్ ఎందుకు అవసరం? మొక్కలలోని ఔషధ పదార్థాలు చాలావరకు నీటిలో సరిగా కరగవు. ఇథనోల్ అణువులో ఒకవైపు హైడ్రాక్సిల్ సమూహం, మరోవైపు ఇథైల్ సమూహం ఉన్నాయి. అందువల్ల అది నీటితో కలుస్తుంది, కర్బన పదార్థాలనూ కరిగిస్తుంది. ఆకును గాని, బెరడును గాని ఆల్కహాల్‌లో నానబెట్టి వడకడితే వచ్చే ద్రవమే టింక్చర్. ఆల్కహాల్ వల్ల అది త్వరగా పాడుకాదు.

ఇక ఈథర్ సంగతి చూడండి. 1846లో బోస్టన్‌లో శస్త్రచికిత్సకు ఈథర్‌ను మత్తుమందుగా వాడి చూపారు. 1847లోనే అది కలకత్తాకూ చేరింది. ఇథనోల్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో సుమారు 140° సెంటీగ్రేడు వద్ద వేడిచేస్తే డైఇథైల్ ఈథర్ వస్తుంది. సుమారు 170° వద్దయితే ఇథిలీన్ వస్తుంది. అంటే ఈ పద్ధతిలో ఆల్కహాల్ ఎంత ఉన్నా, ఆమ్లం లేనిదే ఈథర్ లేదు. రసాయన పరిశ్రమకు సల్ఫ్యూరిక్ ఆమ్లమే తల్లివేరు అని రే గ్రహించారు. తరువాత మానిక్‌తలాలోని కర్మాగారంలో సీసపు గదుల పద్ధతిలో దానిని తయారు చేశారు.

ఆరంభం సులువుగా సాగలేదు. ఫాస్ఫేటు లవణం కోసం ఆయన పశువుల ఎముకలు తెప్పించి డాబా మీద ఎండబెట్టారు. వానకు అవి కుళ్లి కంపు కొట్టడంతో ఇరుగుపొరుగువారు గొడవకు వచ్చారు. ఎముకలను వేరే చోటికి తరలించి, కాల్చి, ఆ బూడిదను సల్ఫ్యూరిక్ ఆమ్లంతో శుద్ధి చేశారు. దుకాణదారులు స్వదేశీ మందును నమ్మలేదు. ఆయన మిత్రుడు డాక్టర్ అమూల్య చరణ్ బోస్, రాధా గోవింద కర్ వంటి వైద్యులు వాటిని రోగులకు రాసి నమ్మకం కలిగించారు. ఇంతలో 1898లో బోస్ ప్లేగు వ్యాధితో మరణించారు. మరో యువ సహచరుడు ప్రమాదవశాత్తు విషరసాయనానికి బలయ్యారు. పగలు కళాశాల, సాయంత్రం కర్మాగారం, రెండు భారాలూ రే మీదే పడ్డాయి. అయినా ఆయన వెనుదీయలేదు. 1901లో అది పరిమిత కంపెనీ అయింది.

ఆయన లాభం కోసం ఈ పని చేయలేదు. పెళ్లి చేసుకోలేదు. చివరి రోజులు విజ్ఞాన కళాశాలలోని ఒక గదిలో గడిపారు. 60 ఏళ్లు నిండిన తరువాత జీతాన్ని విశ్వవిద్యాలయానికే ఇచ్చివేశారు. 1944 జూన్ 16న కన్నుమూశారు. ఆయన నాటిన సంస్థను 1980లో కేంద్ర ప్రభుత్వం జాతీయం చేసింది.

ఒక హెచ్చరిక గుర్తుంచుకోండి. పరిశ్రమలకు వాడే స్పిరిట్‌లో మిథనోల్ వంటి విషాలు కలుపుతారు. మిథనోల్ చూపును, ప్రాణాన్ని కూడా తీయగలదు. దానిని ఎన్నడూ నోట పెట్టరాదు. ఈథర్ ఆవిరి సులభంగా అంటుకుంటుంది కనుక దాని దగ్గర మంట ఉండరాదు.

ఆలోచించండి: మీ ఊరిలో దొరికే ఏ మొక్క నుంచి టింక్చర్ తయారు చేయవచ్చు? దానికి నీటికన్నా ఇథనోల్ ఎందుకు మేలైన ద్రావణి? మీ జవాబును మీ మాటల్లో రాయండి.