దేవ్‌బంద్ గురువు మౌలానా మదనీ

మదరసా చదువు యువకులను తీవ్రవాదం వైపు నడిపిస్తుందా అన్న చర్చ వచ్చినప్పుడల్లా దేవ్‌బంద్ పేరు వినిపిస్తుంది. ఆ విద్యాలయానికి ముప్పై ఏళ్లు ప్రధానాచార్యులుగా ఉన్న మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ జీవితాన్ని మన పాఠకుల కోసం క్లుప్తంగా అందిస్తున్నాము.

ఆయన 1879లో నేటి ఉత్తరప్రదేశ్‌లోని బాంగర్‌మవూలో పుట్టారు. దేవ్‌బంద్‌లో చదివి, కుటుంబంతో మదీనా వెళ్లి, ప్రవక్త మసీదులో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. మదనీ అన్న పేరు అలా వచ్చింది. ఆయన గురువు మహమూద్ హసన్ ఆంగ్లేయుల మీద సాయుధ తిరుగుబాటుకు రహస్యంగా ప్రయత్నించారు. పట్టుగుడ్డ మీద రాసిన ఉత్తరాలు 1916లో పట్టుబడి ఆ సంగతి బయటపడింది. గురుశిష్యులిద్దరినీ మాల్టా దీవిలో నిర్బంధించి 1920లో విడిచిపెట్టారు.

తిరిగొచ్చాక మదనీ బహిరంగ సహాయ నిరాకరణ బాట పట్టారు. బ్రిటిష్ సైన్యంలో కొలువు చేయరాదన్న తీర్మానానికి 1921 కరాచీ కేసులో అలీ సోదరులతో పాటు రెండేళ్ల శిక్ష పడింది. శంకరాచార్య భారతీ కృష్ణతీర్థ కూడా అందులో ముద్దాయే. ఆయనను కోర్టు విడిచిపెట్టింది.

1927లో మదనీ దేవ్‌బంద్ ప్రధానాచార్యులయ్యారు. హదీసు బోధిస్తూనే, ఒకే నేల మీద బతికేవారు మతాలు వేరైనా ఒకే జాతి అని వాదించారు. మదీనాలో ముస్లింలకు, యూదులకు ప్రవక్త కుదిర్చిన ఒప్పందాన్ని ఆధారంగా చూపించారు. కవి ఇక్బాల్ ఆక్షేపించినా వెనక్కి తగ్గక 1938లో దీనిపై పుస్తకమే రాశారు.

1945-46 ఎన్నికల్లో అలీగఢ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ముస్లిం లీగ్ తరఫున ఊరూరా తిరిగారు. దేశ విభజనను వ్యతిరేకించిన ఈ మదరసా గురువు లీగ్ యువకుల చేతిలో అవమానాలు పడ్డారు. దేవ్‌బంద్ పండితుల్లోనూ షబ్బీర్ అహ్మద్ ఉస్మానీ వంటివారు లీగ్ వైపు వెళ్లారు. మదనీ మాత్రం ఇక్కడే ఉండి, ముస్లింలను పుట్టిన ఊళ్లు వదలవద్దని కోరారు. 1957లో కన్నుమూసే వరకు పాఠం చెబుతూనే ఉన్నారు.

కుర్రవాడు ఎటు వెళ్తాడన్నది బడి పేరును బట్టి తేలదనీ, అక్కడ కూర్చున్న గురువు ఏం నేర్పుతున్నాడో చూడాలనీ ఈ జీవితం చెబుతోంది. వేరే భాషల నడుమ తరాలుగా స్థిరపడి, ఉన్న ఊరినే సొంత ఊరు చేసుకున్న మనకు ఆయన వాదన కొత్తది కాదు.