చెట్టు కింద భోజనం మాన్పించిన బుచ్చిబాబు నాయుడు



సౌకార్‌పేటలో కాపురముంటున్న మనకు పారీస్ కార్నర్ తెలియనిది కాదు. ఆ పారీ కంపెనీలో దుబాసీగా పనిచేసి గొప్ప ఆస్తి సంపాదించిన తెలుగువారు మోదవరపు దేరా వెంకటస్వామి నాయుడు. దొరలకు మన భాష, మనవారికి దొరల భాష చెప్పే ఉద్యోగం అది. వారు తమ మనుమణ్ణి దత్తత తీసుకొని పెంచారు. 1868లో పుట్టిన ఆ బిడ్డ పేరు వెంకట మహీపతి నాయుడు. ఊరంతా పిలిచింది మాత్రం బుచ్చిబాబు అని.

మైలాపూరు దగ్గర లజ్‌లో పెద్ద బంగళా, గుర్రాలు, ఆంగ్లేయ ఉపాధ్యాయినులు, దేనికీ లోటు లేదు. చిన్నతనం నుండి చేపాకం మైదానంలో దొరలు ఆడే క్రికెట్టు చూసి ఆయనకు దానిమీద మనసు పడింది. ఆ మైదానం మద్రాసు క్రికెట్ క్లబ్బు వారిది. 1846లో యూరోపియనులు స్థాపించిన సంఘం అది. మనవారు అక్కడికి ఆటకు వెళ్లినా పెవిలియన్ మెట్లెక్కడానికి వీల్లేదు. దొరలు లోపల బల్లల దగ్గర భోంచేస్తే మనవారు బయట చెట్టు నీడన కూర్చుని తినవలసి వచ్చేది. ధనవంతునికి మంచి చోటు చూపి, దరిద్రుని పాదపీఠం దగ్గర కూర్చోమన్న సంగతి యాకోబు పత్రిక రెండవ అధ్యాయంలో చదువుతాము గదా! ఇక్కడ ధనం కూడా పనిచేయలేదు. బుచ్చిబాబుకు ధనమున్నది, రంగు లేదు.

ఆయన మహజరు పంపి ఊరుకోలేదు. 1888లో, అంటే ఇరవై ఏళ్ల వయసులో, మద్రాసు యునైటెడ్ క్లబ్బు పెట్టారు. మైదానం ఎక్కడో కాదు, మన జార్జిటౌను పక్కనున్న ఎస్ప్లనేడ్‌లో. బ్యాట్లు, బంతులు, ప్యాడ్లు సొంత డబ్బుతో తెప్పించారు. కొనలేని కుర్రవాళ్లను చేరదీసి ఆట నేర్పించారు. బాగా ఆడగలిగితే దొరలు తమంతట తామే పిలుస్తారని ఆయన లెక్క. అది కొంత నెమ్మది దారి అని నాకనిపిస్తుంది. పైగా చెట్టు నీడ దాకా కూడా రానివ్వని మనవారు ఆ పట్నంలో ఎందరో ఉన్నారు. ఆ సంగతి మన పెద్దలకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా మూసిన తలుపు ముందు నిలబడి ఉండక, వేరే తలుపు కట్టినవాణ్ణి మెచ్చుకోవలసిందే.

లెక్క తప్పలేదు. భారతీయులకూ యూరోపియనులకూ ప్రెసిడెన్సీ మ్యాచ్ జరపడానికి 1908లో ఏర్పాటైంది. దానికి ముఖ్యంగా పాటుపడింది ఆయనే. సరిగ్గా ఆట ముందు, నలభై ఏళ్లకే, ఆయన కన్నుమూశారు. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన మ్యాచ్‌ను కంటితో చూడలేకపోయారు. తర్వాతి కాలంలో అదే మ్యాచ్ సంక్రాంతి రోజుల్లో చేపాకంలో జరుగుతూ మద్రాసుకు ఒక పండుగైంది.

కుమారులు వెంకటరామానుజులు, బాలయ్య, రామస్వామి ముగ్గురూ ఆటగాళ్లే. తండ్రి పోయేనాటికి రామస్వామికి పన్నెండేళ్లు. తల్లి పుట్టింటి కోటా వారికి దత్తు వెళ్లినందున ఆయన కోటా రామస్వామి. 1922లో డేవిస్ కప్పులో భారతదేశం తరఫున టెన్నిసు ఆడారు. 1936లో నలభై ఏళ్ల వయసులో మాంచెస్టరులో మొదటి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేశారు. తండ్రి మద్రాసులో మెట్లెక్కలేని పెవిలియన్‌ను తలచుకుంటే ఆ అంకెలకు విలువ పెరుగుతుంది. ఈ రామస్వామి 1985 అక్టోబరులో ఇల్లు విడిచి వెళ్లి మరల తిరిగి రాలేదు.

తండ్రి పేరుతో జరిగే బుచ్చిబాబు టోర్నమెంటు కొన్నేళ్లు ఆగిపోయి, 2023లో తమిళనాడులో తిరిగి మొదలైంది. దేశం నలుమూలల జట్లు దానికి వస్తున్నాయి. ఆ పేరుగలవాడు తెలుగువాడని వారిలో ఎందరికి తెలుసో!